పదకొండో వరుస

మా బావ ఆఫీసు టైర్ల కొట్టు పైన, రెండో అంతస్తులో. మెట్లెక్కేసరికే రబ్బరు వాసన ముక్కుకి పట్టేస్తుంది. సాయంత్రం ఇంటికెళ్ళి చొక్కా విప్పి తగిలించినా వదలదు. తొమ్మిది మందిమి పనిచేస్తాం. కోల్డ్ రూములకి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ మాది. చేపలవాళ్ళూ, పాలవాళ్ళూ, మందులవాళ్ళూ చల్లటి గదులు పెట్టుకుంటారు కదా, ఆ గదిలో మా సెన్సార్ ఉంటుంది, బయట గోడకి అరచేతంత కంప్యూటర్ ఉంటుంది. లోపల వేడి గీత దాటితే అది కాపలా మనిషికి ఫోన్ చేస్తుంది. అంతే పని. చెప్పడానికి రెండు ముక్కలే, చెయ్యడానికి పదిహేనేళ్ళు పట్టింది.

అందులో మొదటి ఆరేళ్ళు నేనూ మా బావే. బావంటే మా అక్క మొగుడు. ఆయన బేరాలు తెచ్చేవాడు, నేను పని చేసేవాణ్ణి. నేను చదివింది తొమ్మిది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు పదికి తొమ్మిది మార్కులనుకుంటారు. కాదు, తొమ్మిదో తరగతి. తీగలు లాగే పనితో మొదలుపెట్టి, ఎవరో రాసిన కోడ్ చూసి చూసి టైపు కొట్టి, ఎక్కడ తప్పొస్తే అక్కడ తల బాదుకుని నేర్చుకున్నాను. "బావ బతుకు కోరేవాడు బామ్మర్ది అంటారే, ఇదిగో, వీడే" అని మా బావ వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించి నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఇంకో రెండు గంటలు ఎక్కువ పనిచేసేవాణ్ణి. మనిషి ఎంత చవగ్గా దొరుకుతాడో చూడండి.

అసలు గొడవలోకి వెళ్ళేముందు ఒక సంగతి విడమరచాలి. ఏ సాఫ్ట్‌వేరూ మొత్తం ఒకడే రాయడు. తేదీలు లెక్కకట్టే ముక్క ఒకడు రాసి నెట్‌లో పెడతాడు, ఫోన్ కలిపే మోడెమ్‌తో మాట్లాడే ముక్క ఇంకొకడు పెడతాడు. లైబ్రరీలంటారు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. మేం వాడేవి నలభై మూడు. మనం రాసుకున్న కోడ్ దాచుకునే చోటుని రిపోజిటరీ అంటారు. ఎవడు ఏ రోజు ఏ వరుస మార్చాడో అందులో ఉంటుంది, ఎందుకు మార్చాడో కూడా రాయాలి. ఇప్పుడు ప్రశ్నేమిటంటే, బయటివాళ్ళు రాసిన ఆ నలభై మూడూ కూడా మన రిపోజిటరీలోనే పెట్టుకోవాలా, లేకపోతే వాటి పేర్లు మాత్రం ఒక చీటీ మీద రాసుకుని, కావలసినప్పుడల్లా నెట్ నుంచి తెచ్చుకోవాలా?

నేను పెట్టుకున్నాను. "బయటివి" అని ఒక ఫోల్డర్ చేసి అన్నీ అందులో కుక్కాను. రాసినవాడెవడో రేపు పొద్దున అలిగి నెట్ లోంచి తీసేస్తే? పెళ్ళాంతో గొడవపడి మొత్తం చెరిపేస్తే? నాకు చెప్పి చెయ్యడానికి వాడేమన్నా చుట్టమా? ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనమయ్యాక, ముక్కలన్నీ కలిపి నడిచే ప్రోగ్రాముగా కట్టే బిల్డ్ మెషీన్ వెనక్కి వంగి నెట్ తీగ పీకేవాణ్ణి. తీగ చేత్తో పట్టుకునే, ఖాళీ ఫోల్డర్లోకి అంతా దింపి మొదట్నుంచి కట్టి చూసేవాణ్ణి. కడితే అది మనది. కట్టకపోతే ఇంకా ఎవడి గుమ్మంలోనో నిలబడి ఉన్నామని లెక్క. తొమ్మిదేళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు. "మావయ్యగారు నాడి చూస్తున్నారు, మాట్లాడకండిరా" అని కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ. మెషీన్ ఏనాడూ నన్ను చూసి నవ్వలేదు.

మా అక్క కూతురు ఆరేళ్ళు ఏదో పెద్ద కంపెనీలో చేసి, పోయినేడాది మా ఆఫీసుకి వచ్చింది. ఇంట్లో అమ్మడు అంటాం. దానికి మొదటిసారి కీబోర్డు మీద వేళ్ళు పెట్టించింది నేనే. కాళ్ళు నేలకి అందేవి కావు. ఇప్పుడు మా అందరి మీదా పెద్ద. వచ్చిన మూడో వారమే ఆ ఫోల్డర్ తెరిచింది.

"మావయ్యా, ఇదేంటి ఇంత లావుంది? పన్నెండు లక్షల వరుసలు! అందులో మనం రాసింది చూస్తే నలభై వేలు."

"మిగతావి కూడా మనకి కావలసినవేగా అమ్మడూ."

"కావలసినవే. మన ఇంట్లో ఎందుకంటున్నా. అరువు సొమ్ములు బరువు చేటు అని అమ్మమ్మ అనేది గుర్తుందా?"

"మీ అమ్మమ్మ అరువు తెచ్చినవి తిరిగి ఇచ్చేది. ఇవి ఎవడూ తిరిగి అడగడు."

గదిలో అందరూ నవ్వారు. అదీ నవ్వింది. ఆ పూటకి నేనే గెలిచాననుకున్నాను.

అది వదిలే రకం కాదు. మా అక్క పోలిక. వారం పోయాక అందర్నీ కూర్చోబెట్టి తెర మీద చూపించింది. కొత్తగా చేరినవాడు రిపోజిటరీ దింపుకోవడానికే ముప్పావుగంట పడుతోందట. ఫలానా లైబ్రరీలో దొంగలు దూరేంత కంత ఉందని లోకమంతటికీ తెలుసట, రాసినవాడు పూడ్చేసి కొత్తది పెట్టాడట, మా ఫోల్డర్లో మాత్రం ఆరేళ్ళ కిందటి కంత ఆరేళ్ళ కిందటి లాగే భద్రంగా ఉందట. "దాచుకోవడం అంటే ఇదేనా మావయ్యా? కుళ్ళినవి కూడా దాచుకుంటామా?"

"మరి నెట్ పోతే? రాసినవాడు తీసేస్తే?"

"ఆఫీసులోనే చిన్న సర్వర్ పెడదాం. లైబ్రరీల నకళ్ళు అందులో ఉంటాయి, వచ్చినవి వచ్చినట్టు. చీటీలో పేరు, వెర్షన్, దాని వేలిముద్ర రాసుకుంటాం. ఒక్క అక్షరం తేడా వచ్చినా కట్టనివ్వదు."

"అంటే నేను చేసిందే, పేరు మార్చి."

"నువ్వు చేసింది కాదు. ఆ సర్వర్లో ఎవరూ చెయ్యి పెట్టి మార్చలేరు. ఈ ఫోల్డర్లో పెట్టొచ్చు." తెర మీద ఆ ఫోల్డర్ తెరిచింది. "పెట్టారు కూడా."

అక్కడ తగిలింది. ఎందుకంటే పెట్టింది నేనే. బయటివాడి కోడ్‌లో ఏదైనా బాగోకపోతే వాడికి ఉత్తరం రాసి, వాడు ఒప్పుకునేదాకా కూర్చునే ఓపిక నాకెక్కడిది? నాకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయాలంటేనే చెమటలు పడతాయి. తెరిచేవాణ్ణి, సరిచేసేవాణ్ణి, మూసేవాణ్ణి. ఎందుకు మార్చావో రాయమని రిపోజిటరీ అడిగితే "సర్దాను" అని రాసేవాణ్ణి. ఆ రోజు అమ్మడు తెర మీద వెతికి చూపించింది. మా సొంత కోడ్‌లోవి కూడా కలిపి రెండువందల పన్నెండు "సర్దాను"లు ఉన్నాయి. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. అప్పట్నుంచి నా పేరు సర్దుబాటుగారు.

మా బావ వైపు చూశాను. ఆయన గడియారం చూసుకున్నాడు.

"చదువుకున్న పిల్ల చెబుతోంది కదరా," అన్నాడు. "చెయ్యనీ."

ఏరు దాటాక తెప్ప తగలేస్తారని ఊరికే అన్నారా. తెప్పకి కూడా ఏదో అనిపిస్తుందని ఎవరూ అనలేదు.

మరుసటి సోమవారం నా కుర్చీ మార్చారు. బిల్డ్ మెషీన్ పక్కన కిటికీ దగ్గర ఉండేది. ఇక బిల్డ్ అంతా సర్వరే చేసుకుంటుంది కాబట్టి నేను అక్కడ ఉండాల్సిన పని లేదు. చేతులు కడుక్కునే తొట్టి పక్కన పాత సెన్సార్ల గది ఉంది, అందులో వేశారు. "సైట్ల పని నీ అంత బాగా ఎవరికీ తెలీదు మావయ్యా, ఇక అదంతా నువ్వే చూసుకో" అంది అమ్మడు. సైట్ల పనంటే కోల్డ్ రూముల చుట్టూ తిరిగి సెన్సార్ల మీద మంచు గోకడం. మంచి మాటల్లో చుట్టి ఇచ్చింది, పిల్లకి మర్యాద తెలుసు.

అట్టపెట్టెలో నా సామాను సర్దుకుంటున్నాను. అప్పుడే అది ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"మావయ్యా, ఒక్క పది నిమిషాలు. ఆ నలభై మూడూ అసలువాటితో పోల్చి చూశా. నీ చెయ్యి పడ్డవి పదకొండు చోట్ల ఉన్నాయి. ఒక్కోటీ ఎందుకు మార్చావో చెప్తే, కావలసినవి నేను మన కోడ్‌లో రాసుకుంటా. అక్కర్లేనివి వదిలేస్తా."

ఎంత పద్ధతైన పిల్లో చూడండి. అడగకుండా తీసేసి ఉంటే తప్పు దానిదయ్యేది.

మొదటిది తేదీల లైబ్రరీలో, ఫిబ్రవరి ఇరవైతొమ్మిది గొడవ. చెప్పాను. రెండోది చెప్పాను. మూడోది ఇప్పుడు అక్కర్లేదన్నాను, నిజంగానే అక్కర్లేదు. పెట్టె అంచు మీద కాగితం పెట్టుకుని అది రాసుకుంటోంది. వెనక నా కిటికీ దగ్గర ఎవడో కుర్రాడు అప్పుడే నా కుర్చీలో కూర్చుని, దాని ఎత్తు సరిచేసుకుంటున్నాడు. ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. నా కాళ్ళు వాడి కాళ్ళ కన్నా పొట్టి కాబోలు.

"పదకొండోది. మోడెమ్ లైబ్రరీలో ఒకే ఒక్క వరుస. మళ్ళీ ప్రయత్నించే ముందు ఆగే టైము ఒక నిమిషం దాటకూడదని పెట్టావు. ఇది దేనికి?"

నాకు తెలుసు. నా పేరు మర్చిపోయినా అది మర్చిపోను. ఏడేళ్ళ కింద ఒక చేపల గిడ్డంగిలో, నేల కింద గదిలో, రెండు రోజులు చేపల పెట్టెల మీద కూర్చుని ఆ లోపం పట్టుకున్నాను. ఆ లైబ్రరీ రాసినవాడు బాగా చదువుకున్నవాడై ఉంటాడు. ఫోన్ కలవకపోతే ఒక నిమిషం ఆగుతుంది. మళ్ళీ కలవకపోతే రెండు, తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు. ప్రతిసారీ రెట్టింపు. ఊరికే లైన్లు తొక్కకూడదని వాడి మర్యాద. ఆ మర్యాదతో సిగ్నల్ రెండు గంటలు పోయిందంటే, తిరిగొచ్చాక కూడా అది ఇంకో రెండు గంటలు కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. నేను ఒక్క వరుస రాశాను, నిమిషం దాటి ఆగొద్దని. ఆ రోజు మా బావ నన్ను భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళి చేపలాయన ముందు నిలబెట్టాడు.

"అదా," అన్నాను, పెట్టెలోకి వైర్లు తోస్తూ. "అప్పట్లో ఏదో పరీక్షకి పెట్టా. అక్కర్లేదు, తీసెయ్."

"ఖాయమేనా?"

"చెప్పాగా."

అది రాసుకుని వెళ్ళిపోయింది.

ఎందుకలా అన్నావంటే, నన్ను నేను సమర్థించుకోవడానికి నాలుగైదు కథలు అల్లి పెట్టుకున్నాను గానీ అవేవీ నిలవవు. దానికి హాని చేద్దామని కాదు. తీసేశాక ఎక్కడో ఒకచోట ఆఫీసులోనే తన్నుతుందని, అది కాగితం పట్టుకుని మళ్ళీ నా గదికి వస్తుందని, "మావయ్యా, నువ్వు లేకపోతే అవ్వట్లేదు" అంటుందని. ఆ ఒక్క మాట కోసం. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నన్ను తీసేసినందుకు కూడా కాదేమో, ఆ కుర్రాడు నా కిటికీ దగ్గర కుర్చీ ఎత్తు సరిచేసుకున్నందుకు.

ఆఫీసులో తన్నలేదు. ఆఫీసు మోడెమ్‌కి సిగ్నల్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది, మొదటిసారే కలుస్తుంది. పరీక్షలన్నీ పాసై తెర మీద పచ్చగా వచ్చాయి. కొత్త వెర్షన్ మా పెట్టెలున్న అరవై చోట్లకీ వెళ్ళిపోయింది. నేను తొట్టి పక్క గదిలో కూర్చుని రోజూ అడుగుల చప్పుడు వినేవాణ్ణి. వచ్చేవాళ్ళు చేతులు కడుక్కుని పోయేవాళ్ళు. చెబుదామనుకున్న రోజులు లేకపోలేదు. ఒకసారి లేచి గుమ్మం దాకా వెళ్ళాను కూడా. అది ఫోన్‌లో ఎవరితోనో "ఆ పాత చెత్తంతా తీసేశాం అండీ, ఇప్పుడు హాయిగా ఉంది" అంటోంది. వెనక్కొచ్చి కూర్చున్నాను.

మూడు వారాలకి, ఒక ఆదివారం.

సోమవారం పొద్దున్నే మందుల గిడ్డంగి యజమాని ఫోన్ చేశాడు. సైట్ల పని నాదే కాబట్టి నేనే వెళ్ళాను. వీధిలో ఇంకా షట్టర్లు లేవలేదు. గిడ్డంగి ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి మా కంప్యూటర్. వెనక కోల్డ్ రూము తలుపు బార్లా తీసి ఉంది. లోపల్నుంచి ఇద్దరు మనుషులు టీకా మందుల పెట్టెలు మోసుకొచ్చి బయట కుప్ప వేస్తున్నారు, పారెయ్యడానికి. మెట్ల మీద కాపలా ఆయన కూర్చుని ఉన్నాడు. నా వయసువాడే. ఆదివారాలు ఆయన పని ఒకటే: ముందు గదిలో ఫోన్ పట్టుకుని కూర్చోవడం. అలారం వస్తే వెనక్కెళ్ళి రెండో కూలింగ్ మెషీన్ నొక్కడం.

"రండి రండి," అన్నాడు యజమాని. "మీరే తేల్చండి. పొద్దున మీ కంప్యూటర్ రికార్డు తెరిచి చూస్తే మధ్యాహ్నం పన్నెండూ నలభైకి 'అలారం జారీ' అని ఉంది. ఈయనేమో నాకు నాలుగూ యాభైఐదుకి వచ్చిందంటాడు. మూడు గంటలు వేడెక్కితే ఈ మందులు పారెయ్యాలని రూలు. నాలుగుంపావు గంటలు వేడెక్కాయి. నిద్రపోయావా అంటే ఒప్పుకోడు."

కాపలా ఆయన లేచి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "అన్నా, నువ్వు చూడు. నువ్వు తెలిసినవాడివి. పన్నెండున్నర దాటాక కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వచ్చింది. ఫ్యాన్ ఆగి మళ్ళీ తిరిగింది. వెనక మెషీన్ లేవలేదని నాకేం తెలుసు, గోడ అవతల కదా? అప్పుడే సిగ్నలూ పోయింది. పోయింది కదాని రెండు గంటలు దీన్నే చూస్తూ కూర్చున్నా. రెండూ యాభైకి గీతలొచ్చాయి. అమ్మయ్య, ఏమన్నా ఉంటే ఇప్పుడొస్తుందనుకున్నా. రాలా. రాలేదంటే అంతా బాగున్నట్టే కదా? రాలేదంటే అంతా బాగున్నట్టేనని నాకు నువ్వే కదా చెప్పింది?"

చెప్పింది నేనే. ఆ సెన్సార్ బిగించిన రోజున.

నా తలలో అంకెలు వాటంతట అవే నడిచాయి. పన్నెండూ నలభై. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు, అరవైనాలుగు. రెండూ నలభైఏడుకి మళ్ళీ ప్రయత్నించింది, కలవలేదు. మూడు నిమిషాలకి టవర్ లేచింది. కానీ అది అప్పటికే నూట ఇరవైఎనిమిది నిమిషాలకి కళ్ళు మూసుకుంది. రెండూ నలభైఏడుకి అవి కలిపితే నాలుగూ యాభైఐదు. నా వరుస ఉండి ఉంటే మూడు కొట్టకముందే ఫోన్ మోగేది. మూడు గంటలు దాటేవి కావు.

"ఏమండీ," అన్నాడు యజమాని, "మీ కంప్యూటర్ అబద్ధమాడుతోందా, మా మనిషి అబద్ధమాడుతున్నాడా? ఒక్క ముక్క చెప్పండి చాలు."

ఒక్క ముక్క. అది నా నోట్లో ఉంది.

"ఆ రికార్డు, అదే లాగ్, తీసుకెళ్ళి చూసి చెప్తామండీ," అన్నాను.

కాపలా ఆయన ఇంకా ఫోన్ పట్టుకునే ఉన్నాడు. నేను బండి తీసేటప్పుడు వెనకనుంచి యజమాని గొంతు వినపడింది, రేపట్నుంచి రావద్దని.

ఆఫీసుకొచ్చి సరాసరి అమ్మడు దగ్గరికెళ్ళాను. నెట్ మీద దింపుకున్న లాగ్ దాని ముందే ఉంది, అంకెలు రెట్టింపవడం అప్పటికే చూసింది.

"పదకొండోది," అంది, తల ఎత్తకుండా. సొరుగులోంచి ఆ కాగితం తీసింది. పదకొండు ఎదురుగా దాని గుండ్రటి అక్షరాలు: 'మావయ్యని అడిగాను. పరీక్షకి పెట్టిందట. అక్కర్లేదు.' "మర్చిపోయావా మావయ్యా?"

అవునని ఉంటే సరిపోయేది. వయసు మీద పడింది, మర్చిపోతారు, ఎవరు కాదంటారు? ఆ తలుపు అదే తెరిచి పట్టుకుంది నా కోసం.

"లేదు," అన్నాను. "గుర్తుంది. తెలిసే అన్నాను."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నేను పదకొండోది నిన్ను అడక్కుండా కూడా తెలుసుకోగలిగేదాన్ని," అంది. "ఇంకో పూట కూర్చుంటే తెలిసేది. నువ్వు చెప్పావు కదా అని కూర్చోలేదు."

మా బావని పిలిచింది. ఆయనకి ముందు అర్థం కాలేదు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. అర్థమయ్యాక నా వైపు చూడకుండా కూతురితోనే మాట్లాడాడు.

"టవర్ పడిపోయిందా, లేదా?"

"పడింది నాన్నా. కానీ..."

"పడింది కదా. అదే రాద్దాం. టవర్ పడింది, అలారం ఆలస్యమైంది. ఇందులో అబద్ధం ఏముంది?"

"లేచాక కూడా రెండు గంటలు ఎందుకు రాలేదంటే?"

"అంత లోతుగా ఎవడు అడుగుతాడే?"

"ఆ కాపలా ఆయన ఉద్యోగం పోయింది నాన్నా."

"ఆయన మన మనిషా? ఊళ్ళో పోయే ఉద్యోగాలన్నీ మనమే నిలబెడతామా?" అప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావురా?"

పదిహేనేళ్ళలో ఆయన నా మాట అడగడం అది ఎన్నోసారో లెక్కపెట్టొచ్చు, ఒక చేతి వేళ్ళు మిగిలిపోతాయి. "నువ్వెలా అంటే అలా బావా," అన్నాను. నోటికి అలవాటైన మాట అదొక్కటే.

అమ్మడు లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. "నేను రేపు పొద్దున వెళ్ళి చెప్తాను. మావయ్యా, బండి మీద దింపుతావా, ఆటోలో వెళ్ళనా?"

మంగళవారం పొద్దున దింపాను. వెనక కూర్చున్న మనిషి బరువు కూడా తెలియలేదు, అంత ఎడంగా కూర్చుంది.

గిడ్డంగిలో ముందు గది కుర్చీలో అప్పుడే ఒక కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. యజమాని ముందు నిలబడి అది అంతా చెప్పింది. తప్పు మాదేనని, సాఫ్ట్‌వేర్లోంచి ఒక వరుస తీసేశామని, తీసేసింది తనేనని, మీ మనిషి నిద్రపోలేదని. నా పేరు ఎత్తలేదు. నేను పక్కన నిలబడి నా చెప్పుల వైపు చూస్తున్నాను.

ఆయన అంతా విన్నాడు. "నిజం చెప్పారు, సంతోషం," అన్నాడు. "మీ పెట్టె విప్పుకుని తీసుకెళ్ళిపోండి. నిజం చెప్పేవాళ్ళు నాకు అక్కర్లేదు, ఫోన్ మోగించేవాళ్ళు కావాలి."

"మరి ఆయన్ని మళ్ళీ పెట్టుకుంటారా?"

"కొత్తాయన్ని పెట్టుకున్నాను కదమ్మా. ఈయనకిప్పుడు ఏం చెప్పి పంపను?"

నేను స్టూలెక్కి గోడ మీద పెట్టె విప్పుతుంటే, పాత కాపలా ఆయన లోపల్నుంచి వచ్చాడు. తన గొడుగూ, టిఫిన్ డబ్బా తీసుకుపోవడానికి వచ్చాడట. అన్నీ విన్నట్టున్నాడు. స్టూలు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆ పిల్ల మంచిదన్నా," అన్నాడు, మెల్లగా. "చిన్నపిల్ల, తెలీక తీసేసి ఉంటుంది. నాకు కోపం లేదని చెప్పు."

స్టూలు మీదే ఆగిపోయాను. చేతిలో స్క్రూలు.

"తెలీక కాదు," అన్నాను. "దానికి తెలీదు, నాకు తెలుసు. తీసేయొద్దని నేను చెప్పాల్సింది. చెప్పలేదు."

"చెప్పలేదా?" ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "ఎందుకని?"

తొమ్మిదో తరగతితో ఆపేసినవాణ్ణయినా మాటలకి నేను తడుముకోను. అక్కడ మాత్రం వెతుక్కున్నాను. ఉద్యోగం పోయిన మనిషికి, గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డ మనిషికి ఏం చెప్పాలి? నా కుర్చీ మార్చారని చెప్పాలా?

"నా కుర్చీ మార్చారు," అన్నాను.

ఆయన తిడితే బాగుండు. డబ్బా మూత ఊడిపోయి ఉంటే ఒత్తి పెట్టుకుని, "అంతేనా," అని వెళ్ళిపోయాడు.

బుధవారం అమ్మడు నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. ఆ కుర్రాణ్ణి ఎక్కడికో పంపించి నన్ను ఆ కుర్చీలోనే కూర్చోమంది. అది పక్కన స్టూలు వేసుకుని కీబోర్డు ఒళ్ళోకి లాక్కుంది. ఫోల్డర్ సంగతి ఎలా చేసిందో చూపించింది. లైబ్రరీల అసలు నకళ్ళు ఆఫీసు సర్వర్లో, ఎవరూ ముట్టకుండా. మన మార్పులు మాత్రం మన రిపోజిటరీలో, ఒక్కో మార్పుకి ఒక్కో చిన్న ఫైలు. పక్కనే ఎందుకో రాయాలి, రాయకపోతే తీసుకోదు. నెట్ తీగ పీకినా కడుతుంది. పీకి చూపించింది. కట్టింది.

బాగుంది. నా దానికన్నా బాగుంది. తొమ్మిదేళ్ళు నేను చెయ్యాలనుకున్నది అదే, చెయ్యడం తెలియక మొత్తం గోనెసంచిలో కుక్కినట్టు కుక్కాను. దానికి ఆ మాట చెప్పాలనిపించింది. చెప్పలేదు. నా మెచ్చుకోలు ఇప్పుడు దేనికి పనికొస్తుంది?

"ఒక్కోటీ చెప్పు మావయ్యా. ఏ సైటు, ఏమైంది, నువ్వేం మార్చావు, అది సరిగ్గా పనిచేస్తోందని ఎలా చూసుకోవాలి."

చెప్పాను. ఫిబ్రవరి గొడవ, పాలవాళ్ళ దగ్గర అంకెలు తలకిందులైన సంగతి, ఉరుము ఉరిమితే సెన్సార్ సున్నా చూపించే సంగతి. అడుగుతూ పోయింది, చెబుతూ పోయాను. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. మా ఆవిడతో కూడా నేనంతసేపు మాట్లాడి ఏళ్ళయింది. రెండున్నర గంటలు పట్టింది. సిగ్గులేదనుకోండి, ఈ ఏడాది మొత్తంలో నాకు బాగున్నవి ఆ రెండున్నర గంటలే.

పదకొండోదానికి వచ్చాం. చేపల గిడ్డంగీ, రెట్టింపయ్యే నిమిషాలూ చెప్పాను. ఆదివారం జరిగింది కూడా రాసింది. 'ఈ వరుస పొరపాటున తీసేయడం వల్ల' అని టైపు చేసింది.

"పొరపాటున కాదు," అన్నాను. "నా పేరు రాయి. నేనే తీసెయ్యమన్నానని రాయి."

"రాయను. అలా రాస్తే రేపు చదివేవాడికి నీ సంగతి తెలుస్తుంది గానీ లైబ్రరీ సంగతి తెలీదు." వేళ్ళు ఆపింది. "ఇందులో నీకొక్కడికే తెలిసింది ఇంకేమైనా మిగిలిందా?"

వెతికాను. నిజంగా వెతికాను, ఒక్కటైనా ఉంటుందేమోనని.

"లేదమ్మా."

"రేపు పాలవాళ్ళ దగ్గర సెన్సార్ మార్చాలి. ఆఫీసుకి రావక్కర్లేదు, ఇంటినుంచి నేరుగా వెళ్ళిపో."

సరేనన్నాను. అది రాసినదంతా మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించింది. ఒక్క తప్పు కూడా లేదు.